వినడానికి దాచిన పత్తి

ఆదివారం మార్కెట్‌కు సెలవు. ఆ పొద్దున ఉపేందర్ పెట్టుకున్న పని ఒక్కటే. చాయ్ తాగి, హాలు తలుపు దగ్గరికి వేసి, కొత్త స్పీకర్లలో అమ్మ పాట వినాలి. కేసముద్రంలో పత్తి అడ్తి దుకాణం నడిపే మనిషి అతను. రైతులు తెచ్చిన పత్తిని మిల్లులవాళ్లకు అమ్మిపెట్టడం వృత్తి. వారమంతా కాంటా దగ్గర గొడవలూ, తేమ ఎక్కువుందన్న పేచీలూ, లారీల హారన్లూ వినీ వినీ విసిగినవాడికి ఒక పాట వినాలనుకోవడం పెద్ద ఆశేమీ కాదు. పాపం, పెద్ద ఆశే అయితే ముందే భయపడి మానుకునేవాడు.

అమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఆమె గొంతు ఒక్క క్యాసెట్‌లోనే మిగిలింది. ఉపేందర్ కాలేజీలో చదివే రోజుల్లో ఒక బతుకమ్మ పండుగ సాయంత్రం, వాకిట్లో ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే, టేప్‌రికార్డర్ తెచ్చి అరుగు మీద పెట్టి బటన్ నొక్కాడు. అమ్మ ముందు పాడుతుంది, తక్కినవాళ్లు అందుకుంటారు. ఇన్నేళ్లుగా ఆ పాట ఆ పాత టేప్‌రికార్డర్‌లోనే వింటున్నాడు. అందులో అమ్మ ఎప్పుడూ బిందెలో తల పెట్టి పాడుతున్నట్టే ఉండేది. ఒక్కసారైనా ఎదురుగా నిలబడి పాడినట్టు వినాలని అతని కోరిక.

ఆ కోరికతోనే క్యాసెట్ జేబులో పెట్టుకొని హైదరాబాద్‌లో ఖరీదైన స్పీకర్లమ్మే షోరూంకు వెళ్లాడు. అక్కడి గదిలో పాదం మునిగే కార్పెట్, నేలదాకా జారే మందపాటి పరదాలు, మనిషంత ఎత్తు స్పీకర్లు. వాళ్లు లోపల్నుంచి ఒక పాత క్యాసెట్ డెక్ వెతికి తెచ్చి తగిలించారు. పాట మొదలవగానే అమ్మ వచ్చి రెండు స్పీకర్ల నడుమ నిలబడింది. ఉపేందర్ కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి సేల్స్‌మాన్ బిల్లు పుస్తకం తీశాడు. తీస్తూ మాటవరసకు, "సార్, మీ గది ఎంతుంటుంది?" అని అడిగాడు.

"మస్తు పెద్దగుంటది" అన్నాడు ఉపేందర్.

మన ఇళ్లలో గది పెద్దదా చిన్నదా అన్నది అందులో ఎంతమంది చుట్టాలు పడుకోగలరో చూసి చెబుతాం. ఆ లెక్కన అది పెద్ద గదే. కాకపోతే కింద పాలరాయి, గోడలకు తళతళలాడే ఆయిల్ పెయింట్, ఒక పక్కంతా అద్దాల కిటికీలు. చుట్టాలు గోడకు తగిలి తిరిగి రారు గానీ చప్పుడు వస్తుందని అప్పటికి అతనికి తెలియదు.

స్పీకర్లు ఇంటికి చేరాక, ఇంట్లో ఉన్న పాత ఆంప్లిఫయర్‌కు వాటిని కదిలించే సత్తువ లేదని తేలింది. ఎడ్లకు కట్టాల్సిన కాడిని మేకకు కట్టినట్టయింది. కొత్త ఆంప్లిఫయర్ వచ్చింది. దానికి కేసముద్రం కరెంటు పడలేదు, స్టెబిలైజర్ వచ్చింది. క్యాసెట్ డెక్ ఒకటి సెకండ్‌హాండ్‌లో వచ్చింది. ఇన్ని వచ్చాక, ఇదిగో, ఈ ఆదివారం అన్నీ కుదిరాయి. ఉపేందర్ సోఫాలో కూర్చుని, కళ్లు మూసుకుని, రిమోట్ నొక్కాడు.

ఆడవాళ్ల చప్పట్లు పిడుగుల్లా పడ్డాయి. ఒక్కో చప్పట గోడకు తగిలి మళ్లీ వచ్చి రెండోసారి పడింది. అమ్మ పాడిన ప్రతి మాట వెనకా అదే మాట ఇంకోసారి పరిగెత్తుకొచ్చింది. షోకేసులోని స్టీలు గ్లాసులు గజగజ వణికాయి. వంటింట్లోంచి భార్య కమలాదేవి గరిటెతో సహా వచ్చింది.

"అత్తమ్మ పాడినట్టు లేదు. పిండి గిర్ని నడుస్తున్నట్టున్నది" అంది.

ఉపేందర్ వెంటనే జనగామలో ఉండే ప్రభాకర్‌కు ఫోన్ చేశాడు. ఇద్దరూ కాలేజీ దోస్తులు. ప్రభాకర్ ఫిజిక్స్ లెక్చరర్‌గా రిటైరై, చెప్పడానికి పిల్లలు లేక, ఎవరు ఫోన్ చేస్తే వాళ్లకు పాఠం చెబుతున్నాడు.

"అరే, ఏనుగును కొన్కపోయి కోళ్లగూట్ల కట్టేసినవ్ రా. స్పీకర్ సగమే, గది సగం. ముందుగాల గోడకు దూరం జరుపు. సోఫాను నడిమిట్లకు గుంజు. ఆ షోకేసు తీసెయ్."

స్పీకర్లు జరిగాయి. సోఫా హాలు నడిమధ్యకు వచ్చి, లోపలికి వచ్చేవాళ్లంతా దాని చుట్టూ ప్రదక్షిణం చేసి వంటింట్లోకి పోవాల్సి వచ్చింది. కమలాదేవి గ్లాసుల షోకేసు పడకగదిలోకి చేరింది. పాట వింటున్నంతసేపు ఫ్యాను తిరగకూడదు, మిక్సీ పెట్టకూడదు. గోడ గడియారం టిక్కుటిక్కుమంటోందని దాని బ్యాటరీ తీసేశాడు. ఇంత చేసినా అమ్మ ఇంకా గిర్నిలోనే ఉంది.

"మూలలు నింపాలె" అన్నాడు ప్రభాకర్. "చప్పుడంత మూలలల్ల కుప్పవడ్తది. నేల నుంచి కప్పు దాక మెత్తటిదేదన్న పెట్టు. హైదరాబాద్‌ల చప్పుడు గుంజుకునే పలకలమ్ముతరు. లోపలుండేది దూది అసొంటిదే. నీకు గోదాం నిండ పత్తుండంగ ఎందుకు కొనుడు?"

నిజమే కదా అనిపించింది ఉపేందర్‌కు. సోమవారం పొద్దున్నే హమాలీ తిరుపతిని పిలిచి, గోదాంలోంచి పత్తి బస్తాలు ఇంటికి చేర్చమన్నాడు. తిరుపతి పాతికేళ్లుగా ఇళ్లనుంచి మార్కెట్‌కు పత్తి మోస్తున్నాడు. మార్కెట్‌నుంచి ఇంటికి మోయడం అదే మొదటిసారి. అందులోనూ మెయిన్ రోడ్డు మీదుగా, రైతులు ట్రాక్టర్లతో వరుస కట్టిన వేళ. హాల్లో ఏసీ కింద బస్తాలు దించి, తలుపులు వేసుకున్న కిటికీలు చూసి, తిరుపతి ఒక్క మాట కూడా అడగలేదు. అడగాల్సిన అవసరం అతనికి కనిపించలేదు.

అక్కడి రైతులకు తాతల నాటి నుంచి ఒక పద్ధతి ఉంది. అడ్తిదారు నోటిని కాదు, గోదాంను చూడాలి. ధర ఎటు పోతుందని అడిగితే అడ్తిదారు ఏదో ఒకటి చెబుతాడు. అతని సొంత సరుకు బయటికి పోతోందా, లోపలికి వస్తోందా అన్నదే అసలు కబురు. లోపలికి వస్తే ధర లేస్తుందని గుర్తు. మరి ఉపేందర్ సరుకు గోదాంలోంచి కూడా లోపలికి, ఏకంగా హాల్లోకి వెళ్లింది.

మధ్యాహ్నానికి పక్క అడ్తి ధర్మేందర్ వచ్చి, స్టూలు లాక్కుని దగ్గరగా కూర్చున్నాడు.

"అన్నా, ఎంతదాక పోతదంటవ్ ధర?"

"నాకేం ఎరుక?"

"గోదాంల పెడితె అందరు చూస్తరని ఇంట్ల పెట్టినవ్. ఏసీ గూడ ఏసినవంట."

"అరే, అది పాట వినేటందుకు. మూలలల్ల పత్తి పెడితె చప్పుడు సాఫ్‌గ వస్తది."

ధర్మేందర్ చాలాసేపు అతని మొహంలోకి చూశాడు. "పాట వినేటందుకు పత్తా? మా చెవుల పువ్వులు పెడ్తున్నవా అన్నా?" అని నవ్వి, లేచి వెళ్లిపోయాడు. వెళ్లి తన సరుకు అమ్మకం ఆపేశాడు.

ఉపేందర్ నిజం చెప్పిన కొద్దీ సంగతి ముదిరింది. ఇంత విడ్డూరమైన అబద్ధం చెబుతున్నాడంటే లోపల ఎంత పెద్ద కబురుందో అనుకున్నారు జనం. ఎవరో విదేశాల నుంచి ఫోన్ వచ్చిందన్నారు. ఎవరో మిల్లులవాళ్లు కాళ్లబేరానికి వచ్చారన్నారు. గోరంత కొండంతయింది. మార్కెట్‌లో అతను నడుస్తుంటే నిన్నటిదాకా తలెత్తనివాళ్లు లేచి నిలబడి నమస్తే పెట్టారు. చాయ్ హోటల్లో అతని కప్పు ముందొచ్చింది. మూడు నాలుగు రోజులు గట్టిగా కాదన్నాడు ఉపేందర్. తర్వాత మెత్తగా కాదన్నాడు. ఆ తర్వాత ఎవరడిగినా చిన్నగా నవ్వి ఊరుకున్నాడు. జీవితంలో మొదటిసారి జనం తనను తెలివైనవాడనుకుంటుంటే, కాదని వాళ్ల మనసు నొప్పించడం దేనికి? ఆ నవ్వు కొంప ముంచింది. మునిగింది అతని కొంపే అయితే ఇంత బాధ ఉండేది కాదు.

పెద్దవంగర నుంచి యాకయ్య వచ్చింది ఆ రోజుల్లోనే. యాకయ్య తండ్రి ఉపేందర్ తండ్రి దగ్గర పత్తి అమ్మాడు. యాకయ్య ఉపేందర్ దగ్గర అమ్ముతున్నాడు. ఇంకో అడ్తి గడప తొక్కి ఎరగడు. భార్య లచ్చవ్వ పోయినప్పటినుంచి మనిషి కొంచెం వంగాడు గానీ సేద్యం వదల్లేదు. దుకాణంలో ఉపేందర్ కనిపించక నేరుగా ఇంటికే వచ్చాడు. అప్పుడే ప్రభాకర్ చెప్పినట్టు ఇంకో వరస బస్తాలు సర్దించి, క్యాసెట్ పెట్టి, సోఫాలో కూర్చోబోతున్నాడు ఉపేందర్. యాకయ్య గుమ్మంలో నిలబడి మూలల్లో బస్తాలను ఒక్కొక్కటే చూశాడు.

"పటేలా, ఊర్లె అందరు గిదే ముచ్చట. నా పత్తి అమ్మాల్నా, ఉంచాల్నా? నువ్వు చెప్పు, నేను చేస్త."

"ధర సంగతి నాకు తెల్వది యాకన్నా. గీ బస్తాలు పాట కోసం పెట్టిన. అమ్మ పాట."

"గట్లనా" అన్నాడు యాకయ్య, అర్థమైనట్టు తల ఊపుతూ. అతనికి అర్థమైంది వేరే అని ఆ తల ఊపులోనే తెలిసిపోయింది. పటేలు బయటికి చెప్పలేని మాట తనకు కళ్లతో చెబుతున్నాడని అతను సంబరపడ్డాడు.

ఆ క్షణంలో ఉపేందర్ చేయాల్సింది చాలా చిన్న పని. యాకయ్యను లోపలికి పిలిచి, సోఫాలో కూర్చోబెట్టి, పాట పెడితే సరిపోయేది. చెవులతో విన్నాక ఎవరైనా నమ్ముతారు. కానీ గది ఈసారైనా కుదిరిందో లేదో ఒంటరిగా వినాలని అతనికి ఆత్రం. మనిషి పక్కనుంటే దగ్గుతాడు, కదులుతాడు. "సరే, నీ ఇష్టం. పత్తి నీది" అని తొందరగా సాగనంపి తలుపు వేసుకున్నాడు. పత్తి ఉంచాలనే మనసులో నిర్ణయం చేసుకుని యాకయ్య వెళ్లిపోయాడు.

ఊళ్లకు ఊళ్లు పత్తి ఆపేశాయి. మార్కెట్ యార్డు బోసిపోయింది. కొన్నాళ్లు చూసి, కొనేవాళ్లు వేరే జిల్లాల దారి పట్టారు. ధర నిలబడలేదు సరికదా, మెల్లగా జారింది. ఆపినవాళ్లు కంగారుపడి ఒక్కసారిగా తెస్తే ఇంకా జారింది. నిన్న నమస్తే పెట్టినవాళ్లు ఇవాళ మొహం తిప్పుకున్నారు. చాయ్ హోటల్లో అతని కప్పు మళ్లీ వెనక్కి పోయింది. ధర్మేందర్ మాత్రం, "నువ్వు నిజమే చెప్పినవ్ గద అన్నా, గంత నిజం ఎవలు చెప్తరు?" అని నిష్ఠూరమాడాడు. యాకయ్య ఒక్కడు నమ్మకం వదల్లేదు. పటేలు హాల్లోంచి బస్తాలు కదిలినప్పుడే తనవీ కదులుతాయన్నాడట.

ఆ తర్వాత అకాల వాన పడింది. యాకయ్య రేకుల కింద దాచిన పత్తి సగం తడిసింది. ట్రాక్టర్‌లో వేసుకుని కేసముద్రం వస్తే కొనేవాళ్లు చెయ్యి పెట్టి చూసి, చెయ్యి దులుపుకున్నారు. ఉపేందర్ దుకాణం ముందు బండి ఆపి, యాకయ్య మెట్టు మీద కూర్చున్నాడు. తిడతాడనుకున్నాడు ఉపేందర్. తిడితే బాగుండు అనుకున్నాడు.

"నీ తప్పేముంది పటేలా. నువ్వు చెప్పినవ్. నేనే ఇనలే" అన్నాడు యాకయ్య.

ఉపేందర్ మనసులో లెక్క వేసుకున్నాడు. చెప్పాను నిజమే, అతను వినలేదనీ తెలుసు, వినలేదని తెలిసీ తలుపేసుకున్నాను. ఈ మూడోది యాకయ్యకు తెలియదు. తనకు తెలుసు. ఆ పత్తి మొత్తం తానే కొంటానన్నాడు, అతను మొదట అడగడానికి వచ్చిన నాటి ధరకే. యాకయ్య వద్దన్నాడు. ఉపేందర్ వినలేదు. వినకపోవడం ఇద్దరికీ అలవాటైపోయింది.

డబ్బు ఎక్కడిదని కమలాదేవి అడగలేదు. హాల్లో మనిషంత ఎత్తున నిలబడ్డ రెండు స్పీకర్ల వైపు చూసింది. భూపాలపల్లి బొగ్గు గనుల్లో ఉద్యోగం చేసే ఆమె తమ్ముడు సంజయ్ వాటిని కొనుక్కుపోవడానికి వ్యాన్ మాట్లాడుకుని వచ్చాడు. ఆంప్లిఫయర్, స్టెబిలైజర్, డెక్, అన్నీ ఎక్కించాడు.

"బావా, నా క్వార్టర్ల గివి పడ్తయా?"

"నీ గది కొలత ఎంత?" అన్నాడు ఉపేందర్, నేర్చుకున్న పాఠం ఎక్కడికి పోతుంది?

"కొలతేంది బావా? మంచానికి అటొకటి ఇటొకటి పెడ్త. పైన బట్టలు మడతవెట్టుకోవచ్చు."

అవి ఇప్పుడు అక్కడ రోజూ టీవీ సీరియళ్లలో అత్తల ఏడుపును ఎంతో స్పష్టంగా వినిపిస్తున్నాయి.

యాకయ్య పత్తిని డాబా మీద పరిచి ఎండబెట్టారు. కమలాదేవి కొంగు బిగించి రోజూ తిరగవేసింది. రంగు తిరిగిన పత్తి గోదాంలో మంచి సరుకు పక్కన పెడితే దానికీ చెడ్డపేరొస్తుందని హాల్లోకే చేర్చారు. మూలలు నిండాయి, గోడలు నిండాయి, అద్దాల కిటికీలు మూసుకుపోయాయి. నడవడానికి దారి, ఒక కుర్చీకి చోటు మిగిలాయి. స్పీకర్లు లేని హాల్లో ఉపేందర్ ఒక పొద్దున ఆ కుర్చీలో కూర్చుని, చేసేదేమీ లేక పాత టేప్‌రికార్డర్ ఒళ్లో పెట్టుకుని బటన్ నొక్కాడు.

అమ్మ ఎదురుగా నిలబడి పాడింది.

బిందె లేదు, గిర్ని లేదు. పాట ఎక్కడా తగలకుండా, ఎక్కడికీ పోకుండా, ఆ బస్తాల మధ్య మెత్తగా నిలిచింది. అమ్మ ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. ఉపేందర్ కళ్లు తుడుచుకుంటుండగా గుమ్మంలో అలికిడైంది. తన పత్తి ఎండిందో లేదో చూసిపోదామని యాకయ్య వచ్చాడు. ఈసారి ఉపేందర్ తలుపు వేయలేదు. లేచి కుర్చీ ఇచ్చి, తాను బస్తా మీద కూర్చున్నాడు.

అమ్మ ఒక చరణం అంది. తక్కినవాళ్లు అందుకున్నారు. యాకయ్య కుర్చీలోంచి సగం లేచాడు.

"అగో, గా గొంతు లచ్చవ్వది."

"ఏది?"

"అందరికన్న జర ఆలస్యంగ అందుకుంటది సూడు. బొంగురు గొంతు. పెండ్లైన ఏడు మీ వాకిట్లనే ఆడింది బతుకమ్మ." అతని చేయి ఆ పెట్టె వైపు సాగి, తాకకుండా ఆగిపోయింది. "మా ఇంట్ల దాని ఫోటో ఉన్నది గని గొంతు లేదు పటేలా."

ఉపేందర్‌కు ఆ గొంతు అప్పుడు వినిపించింది. ఇన్నేళ్లలో లెక్కలేనన్నిసార్లు విన్న పాట. అందులో అమ్మ ఉంది, తక్కినవాళ్లు ఉన్నారు. తక్కినవాళ్లంటే ఎవరో ఏనాడూ అడగలేదు. వాళ్ల గొంతులు అమ్మ పాటకు అడ్డమొస్తున్నాయనే విసుక్కున్నాడు కూడా. సిగ్గుతో అతని తల దించుకుపోయింది.

"నువ్వు అమ్మాల్నా ఉంచాల్నా అని అడగొచ్చిన నాడే గిది వినిపిస్తె అయిపోవు యాకన్నా."

"వినిపియ్యకపోతివి" అన్నాడు యాకయ్య. ఆ మాటలో కోపం లేదు. "మల్లొక్కపారి పెట్టు."

మళ్లీ పెట్టాడు. ఆ రోజు ఎన్నిసార్లు వెనక్కి తిప్పారో. వెళ్లేముందు యాకయ్య కండువా దులుపుకుంటూ, కాస్త ఇబ్బందిగా చెప్పాడు. "వచ్చే పంట ధర్మేందర్ కాడికి పంపుత పటేలా. పిల్లలు ఒప్పుకుంటలేరు. పాట వినేటందుకు మాత్రం వస్త." ఉపేందర్ తల ఊపాడు. తండ్రుల నాటి నమ్మకం పోయింది. పాత ధర కట్టినా అది తిరిగి రాలేదు. అప్పటినుంచి కేసముద్రం వచ్చినప్పుడల్లా యాకయ్య హాల్లోకి వచ్చి కూర్చుంటాడు. చాయ్ వస్తుంది, పాట వస్తుంది. పత్తి మాట ఇద్దరూ ఎత్తరు.

ఎండాకాలం నడుమ, ఎవరూ అనుకోని వేళ, ధర లేచింది. రంగు తిరిగిన పత్తికి కూడా అడిగేవాళ్లొచ్చారు. ధర్మేందర్ పరుగున వచ్చాడు.

"అన్నా, నువ్వు చెప్పిందే అయింది. తీయిస్తవా బస్తాలు? బండి తెచ్చిన."

ఉపేందర్ బస్తాల వైపు చూశాడు, కుర్చీ వైపు చూశాడు. రేపు యాకయ్య వచ్చే రోజు.

"నేనేం చెప్పలే. అమ్మేది లేదు."

"ఇప్పుడు గూడనా? ఎందుకన్నా?"

"చెప్పిన గద. పాట వినేటందుకు."

ధర్మేందర్ అతని మొహంలోకి చాలాసేపు చూసి, తల పంకించి, ఖాళీ బండితో మెల్లగా వెనక్కి వెళ్లిపోయాడు.

మర్నాడు కేసముద్రం మార్కెట్‌కు ఒక్క పత్తి బస్తా రాలేదు.